మందిరం కట్టింది సంఘం, పట్టా పై సంస్థది: చర్చి ఆస్తుల ఆదాయం ఎటు పోతుంది?

మహబూబ్‌నగర్, నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి. ఈ పట్టణాల్లో ఎక్కడికి పోయినా ఒక మిషన్ కాంపౌండ్ కనిపిస్తుంది. పాత బంగ్లా, మందిరం, పక్కన బడో దవాఖానో, చుట్టూ చెట్లు. మిషనరీలు తీసుకున్న రోజుల్లో ఊరి బయట ఉన్న జాగాలు ఇవాళ ఊరి నడుమకు వచ్చాయి. చాలాచోట్ల రోడ్డు వైపు ప్రహరీ పోయి మడిగెలు, అంటే దుకాణపు గదులు, లేచాయి. వాటి కిరాయి ఎవరికి పోతుందని ఆదివారం ఆరాధనకు వచ్చే సభ్యుణ్ని అడిగితే, "పైకి పోతది" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఎంత పోతుంది, ఏ హక్కుతో పోతుంది, అందులో కొంతైనా తిరిగి వస్తుందా అన్నది ఆ సభ్యుడికి తెలియదు. చెప్పినవాళ్లు లేరు.

చర్చి స్థలాల అమ్మకాలు, లీజుల మీద గొడవలు, కోర్టు కేసులు తరచూ వార్తల్లోకి వస్తున్నాయి. ఒక వర్గం "మా తాతలు కట్టిన గుడి" అంటుంది, ఇంకో వర్గం "కాగితం మా పేరున ఉంది" అంటుంది. చాలాసార్లు రెండూ నిజమే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పట్టా ఒకరిది, వాడకం ఒకరిది

మన ఇంటి విషయంలో పట్టా, ఉండే హక్కు, కిరాయికిచ్చే హక్కు, అమ్మే హక్కు అన్నీ ఒకే చేతిలో ఉంటాయి. చర్చి ఆస్తిలో ఇవి విడిపోతాయి. సంఘం అంటే ఒక ఊళ్లో కలిసి ఆరాధించే విశ్వాసులు. మందిరాన్ని వాడేది, సున్నం వేయించేది, కరెంటు బిల్లు కట్టేది వాళ్లు. పై సంస్థ అంటే ఆ సంఘాలన్నిటినీ కలిపి నడిపే డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం), కాన్ఫరెన్స్, సమావేశం, ట్రస్టు లాంటిది. పట్టా ఎక్కువగా దాని పేరున ఉంటుంది, అమ్మకం కాగితం మీద సంతకం కూడా దాని ప్రతినిధిదే.

ఈ ఏర్పాటు అన్ని శాఖల్లో ఒకేలా ఉండదు. దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. దాని ఆస్తుల కోసం చెన్నై కేంద్రంగా సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ అనే కంపెనీ ఉంది. లాభం పంచుకోని కంపెనీగా అది రిజిస్టరైంది. తెలంగాణ పల్లెలో సభ్యులు కూలి చేసి కట్టుకున్న సీఎస్ఐ మందిరం కూడా కాగితంలో ఆ కంపెనీ ఆస్తి కావచ్చు. కథోలిక సంఘంలో మత నియమాల ప్రకారం విచారణకు, అంటే పారిష్‌కు, సొంత అస్తిత్వం ఉంది, దాని ఆస్తి దానిదే. బిషప్‌ది పర్యవేక్షణ. విచారణల మీద మితమైన పన్ను వేసే అధికారం కూడా ఆయనకుంది. ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం ఆ భూమి డయాసిస్ సొసైటీ పేరునో బిషప్ హోదా పేరునో ఉండటం మామూలు. నల్లగొండ కథోలిక పీఠం, అంటే డయాసిస్, 1976లో ఏర్పడింది. అంతకు ముందే ఉన్న విచారణల భూముల కాగితాల్లో పాత పీఠం పేరు కనిపించినా ఆశ్చర్యం లేదు. ప్రొటెస్టెంటుల్లో బాప్టిస్టు, మెన్నోనైట్ అనే శాఖల్లో సిద్ధాంతం ప్రకారం ప్రతి సంఘం స్వతంత్రమే. అయితే మిషన్ భూములు మాత్రం సొసైటీలుగా రిజిస్టరైన పై సంస్థల చేతుల్లో ఉన్నాయి. అది చరిత్ర తెచ్చిపెట్టిన చిక్కు.

పాలమూరు, నల్లగొండ భూముల పుట్టుక

నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ వచ్చారు. ఆయన రష్యాలో స్థిరపడిన జర్మన్ మెన్నోనైట్ బ్రదరెన్ సంఘస్థుడు, కానీ పని చేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. అంటే మొదటి స్టేషనులోనే మనుషులు ఒక సంఘంవాళ్లు, ఆస్తి ఇంకో సంస్థది. తర్వాత అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తిలో స్థిరపడింది. బాప్టిస్టులు మొదలుపెట్టిన మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లు 1937లో దాని చేతికి వచ్చాయి. అప్పుడు అక్కడి విశ్వాసుల్లో ఎంతమందికి తమ మందిరం చేతులు మారినట్టు తెలిసి ఉంటుందో!

అవి నిజాం రోజులు, కాగితాలు ఉర్దూలో. భూమి కొన్నది మిషన్, కట్టడానికి కొంత విదేశీ సాయం వచ్చింది. రాళ్లు మోసింది, గోడలు లేపింది మాత్రం ఊరి విశ్వాసులు. వాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు, సొంత సెంటు భూమి లేని జీతగాళ్లు. స్వాతంత్ర్యం తర్వాత మిషనరీలు క్రమంగా తిరిగి వెళ్లిపోతూ ఆస్తులను ఇక్కడి సొసైటీలకు అప్పగించారు. భూమి ఒక కేంద్ర సంస్థ నుంచి ఇంకో కేంద్ర సంస్థకు మారింది, ఊరి సంఘం చేతికి రాలేదు. ఈ మొత్తం కథలో నన్ను బాధించే భాగం ఇదే. చదువు లేని రోజుల్లో ఆ సంఘాలకు పట్టా అడగాలన్న ఊహే వచ్చి ఉండదు. మందిరం దేవునిదైతే కాగితం ఎవరి పేరునుంటే ఏమిటి అనుకున్నారు.

పల్లె మందిరాల సంగతి ఇంకో రకం. చాలావరకు ఆబాదీ, అంటే ఊరి నివాసపు జాగాలో కట్టినవి. కొన్ని సాదాబైనామా, అంటే రిజిస్టరు కాని తెల్లకాగితం మీద కొన్నవి, కొన్ని ఊరి ఆసామి నోటిమాటగా ఇచ్చినవి. వీటికి రిజిస్టరు కాగితం సంఘం దగ్గరా ఉండదు, పై సంస్థ దగ్గరా ఉండదు. కలహం వస్తే అనుభవం, కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదులే ఆధారం.

లెక్క వేసి చూద్దాం

జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడ మీదుగా కోదాడ పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద ఒక మండల కేంద్రం ఉందనుకుందాం. లెక్క కోసం కల్పించిన ఊరు, అంకెలూ ఊహించినవే. మిషన్ రోజుల్లో తీసుకున్న 30 గుంటల జాగా, పట్టా సొసైటీ పేరున ఉంది. కోత పండుగకు ఇంటికో బస్తా వడ్లు పోగేసి సభ్యులు మందిరం కట్టుకున్నారు.

ఆ సంఘానికి నెలకు 20,000 రూపాయల కానుకలు వస్తాయి. అందులో 8,000 అసెస్‌మెంటుగా పైకి పోతుంది. అసెస్‌మెంటు అంటే ప్రతి సంఘం పై సంస్థకు కట్టాల్సిన వాటా. పాస్టరు జీతం పై సంస్థే ఇస్తే ఈ డబ్బులో చాలా భాగం ఆ రూపంలో తిరిగి వచ్చినట్టే. ఇక్కడిదాకా పెద్ద పేచీ ఉండదు.

ఇప్పుడు సొసైటీ కమిటీ రోడ్డు వైపు 10 మడిగెలు కట్టించాలనుకుంది. ఒక్కో కిరాయిదారు దగ్గర 2 లక్షల అడ్వాన్సు, మొత్తం 20 లక్షలు. కట్టడానికి 18 లక్షలు అయింది. అంటే పై సంస్థ తన జేబు నుంచి రూపాయి పెట్టలేదు. నెలకు మడిగెకు 5,000 చొప్పున ఏడాదికి 6 లక్షల కిరాయి వస్తుంది. సంఘం ఏడాదంతా వేసే కానుకలు 2 లక్షల 40 వేలు. అంటే మనుషులిచ్చే దానికంటే వాళ్ల మందిరం ముందున్న జాగా రెండున్నర రెట్లు ఎక్కువ సంపాదిస్తోంది, ఆ సంపాదన వాళ్ల రిజిస్టరులో ఒక్క వరుసగానైనా కనిపించదు.

ఇంకో రెండు సంగతులు చూడాలి. అడ్వాన్సు ఆదాయం కాదు, అప్పు. కిరాయిదారు ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వాలి. తీసుకున్న కమిటీ అప్పటికి దిగిపోయి ఉంటుంది, బాకీ మాత్రం ఆస్తి మీద మిగులుతుంది. రెండోది అంతకన్నా పెద్దది. ఆ వీధిలో మడిగె కిరాయి 8,000 నడుస్తుంటే, కమిటీకి కావలసినవాళ్లకు 5,000కు ఇచ్చారనుకోండి. తేడా మడిగెకు 3,000. పది మడిగెలకు ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఇది ఏ ఆడిట్ రిపోర్టులోనూ దొంగతనంగా కనిపించదు, ఎందుకంటే వచ్చిన 6 లక్షలకు రసీదులు సరిగ్గానే ఉంటాయి. రావలసినది రాకపోవడమే నష్టం. చర్చి ఆస్తుల విషయంలో అమ్మకాల కంటే చౌక లీజులే ఎక్కువ హాని చేస్తాయని నా నమ్మకం, ఎందుకంటే అమ్మకం కనిపిస్తుంది, లీజు కనిపించదు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయాలి. అందుకే 11 నెలల ఒప్పందాలు రాసుకుని, వాటినే ఏళ్ల తరబడి తిరగరాస్తూ పోవడం మన ఊళ్లలో మామూలు.

ఇక అమ్మకం. గుంటకు 121 గజాలు. 10 గుంటలంటే 1,210 గజాలు. గజం 15,000 పలికితే కోటీ 81 లక్షల 50 వేలు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూపే ప్రభుత్వ ధర గజానికి 4,000 మాత్రమే అయితే కాగితం మీద 48 లక్షల 40 వేలకే అమ్మినట్టు రాయవచ్చు. మిగతా కోటీ 33 లక్షల చిల్లర ఎక్కడ చేరిందో ఆ కాగితం చెప్పదు. రహదారి వెడల్పు చేసి రెండు గుంటలు పోయినా అంతే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకు తోడు అంతే మొత్తం సొలేషియంగా, అంటే అదనపు పరిహారంగా, వస్తుంది, చెక్కు మాత్రం పట్టాదారు పేరుననే. గోడ కూలింది సంఘానిది, పరిహారం సొసైటీది.

లాభం లేని సంస్థకు లాభమేమిటి?

ఈ సంస్థలన్నీ చట్టం ముందు లాభాపేక్ష లేనివి. మిగులును సభ్యులు పంచుకోకూడదు. పన్ను మినహాయింపు నిలవాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతం సేవా, మత ఉద్దేశాలకు వాడాలి, లేదా ఫలానా పనికి కూడబెడుతున్నామని ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలి. నిర్వాహకులు, వాళ్ల బంధువులు ఆ ఆస్తి నుంచి ప్రయోజనం పొందితే మినహాయింపుకే ముప్పు.

కాబట్టి ఇక్కడ లాభం అంటే డివిడెండు కాదు. ఎవరికి బడిలో ఉద్యోగం, ఏ పాస్టరు ఏ ఊరికి బదిలీ, ఏ కాంట్రాక్టు ఎవరికి అన్న నిర్ణయాలకు డబ్బు కావాలి, ఆ డబ్బు ఆస్తుల నుంచి వస్తుంది. డయాసిస్, కాన్ఫరెన్స్ ఎన్నికల్లో పోటీ అంత తీవ్రంగా ఉండటానికి ఇదొక కారణం.

బయటి దేశాల్లో ఇదే లెక్క

ఈ ప్రశ్న మన దగ్గరే పుట్టింది కాదు. యెహోవాసాక్షుల రాజ్యమందిరాల ఉదాహరణ బాగా చర్చకు వచ్చింది. ఒకప్పుడు స్థానిక సంఘం కేంద్రం దగ్గర అప్పు తీసుకుని మందిరం కట్టి, నెలనెలా తీర్చేది. 2014లో ఆ అప్పులు రద్దు చేస్తున్నామని సంస్థ ప్రకటించింది. బదులుగా ప్రతి సంఘం తీర్మానం చేసుకుని నెలవారీ విరాళం పంపాలంది, అప్పు ఉన్నవాళ్లు కనీసం వాయిదాకు తగ్గని మొత్తం పంపాలని సూచించింది. విమర్శకుల లెక్క తేలికైనదే. 20 లక్షల అప్పుకు నెలకు 20,000 కడితే వంద నెలలకు, అంటే ఎనిమిదేళ్ల నాలుగు నెలలకు, తీరిపోతుంది. విరాళానికి ఆఖరి వాయిదా ఉండదు. సంస్థ సమాధానం వేరు. పేద దేశాల్లో మందిరం లేని సంఘాలకు కలిగిన సంఘాల డబ్బు చేరాలంటే ఉమ్మడి నిధి ఉండాలన్నది దాని మాట. రెండు సంఘాలను ఒక్క మందిరంలోకి సర్ది ఖాళీ అయినదాన్ని అమ్మితే వచ్చిన డబ్బూ ఆ నిధికే పోతుంది. కట్టిన సభ్యులకు ఆ అమ్మకంలో ఎంత మాట ఉందన్నదే అసలు తగువు.

అమెరికా యునైటెడ్ మెథడిస్టు సంఘంలో స్థానిక ఆస్తి అంతా పై సంస్థ కోసం ట్రస్టుగా ఉంటుందన్న నియమం ఉంది. 2019లో విడిపోవడానికి ఒక తాత్కాలిక దారి తెరిచారు. రెండేళ్ల వాటా, పింఛన్ల బాకీ కట్టిన సంఘం తన మందిరంతో సహా బయటికి పోవచ్చు. 2023 చివరికి ఆ దారి మూసేలోగా 7,600 పైచిలుకు సంఘాలు వెళ్లిపోయాయి. ఆస్తి మీద పట్టుకు ధర కట్టి మరీ చూపించిన సందర్భం అది.

మన సుప్రీంకోర్టు రెండు తీర్పులు

మన దేశంలో చర్చి ఆస్తులకు ప్రత్యేక చట్టం లేదు. కేరళలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన ఉన్న న్యాయ సంస్కరణల కమిషన్ 2009లో ఒక బిల్లు సిద్ధం చేసింది గాని అది చట్టం కాలేదు. 1882 ట్రస్టుల చట్టం ప్రజా మత ట్రస్టులకు వర్తించదు. రాజ్యాంగం 26వ అధికరణ మత శాఖలకు ఆస్తి కలిగి ఉండే, చట్టం ప్రకారం నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. "చట్టం ప్రకారం" అన్న ఆ షరతు పట్టుకుని కోర్టులు దారి వెతుక్కుంటున్నాయి.

గుజరాత్‌లో బ్రదరెన్ సంఘాలకు ఒక రిజిస్టర్డ్ ట్రస్టు ఉండేది. 1970లో ఉత్తర ఇండియా సంఘంలో కలుస్తున్నామని తీర్మానం చేశారు. కాబట్టి ఆస్తులన్నీ తమవేనని కొత్త సంస్థ వాదించింది. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తీర్మానం చేసినంత మాత్రాన ఆస్తి మారదు, సొసైటీని రద్దు చేయడానికీ ట్రస్టు ఆస్తి బదిలీకీ చట్టం చెప్పిన పద్ధతి పాటించాలి అంది. పెద్ద సంస్థ పేరు చెప్పగానే చిన్నదాని ఆస్తి దాని ఒళ్లో పడిపోదన్నమాట.

కేరళ మలంకర సంఘాల కేసులో 2017 జులై 3న వచ్చిన తీర్పు ఇంకో వైపు నుంచి చూసింది. అక్కడ వెయ్యికి పైగా చర్చిలకు సంబంధించిన వివాదం. కొన్ని పారిష్‌లు సొంత ఏర్పాటు చేసుకుని, మలంకర సంఘం మొత్తానికి రాసుకున్న 1934 నియమావళి తమకు వర్తించదన్నాయి. వర్తిస్తుందని కోర్టు తేల్చింది. ఎవరైనా సంఘం వదిలి పోవచ్చు గాని మెజారిటీ ఉందని చర్చి ఆస్తిని వెంట తీసుకుపోలేరు, అది ట్రస్టు ఆస్తి అంది.

మొదటి తీర్పు కింది సంస్థను కాపాడింది, రెండోది పై నియమావళిని నిలబెట్టింది. పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి, నిజానికి రెండిటి వెనకా ఒకే ప్రశ్న ఉంది: కాగితం ఏం చెబుతోంది? ట్రస్టు పత్రం, నియమావళి, బైలాస్ (సంస్థ లోపలి నిబంధనలు) చదివి తీర్పు చెప్పారు. ఎవరు రాళ్లు మోశారన్నది తూకంలోకి రాలేదు. మన సంఘాలకు ఇది కఠినమైన వార్త.

పై సంస్థ లేకపోతే బాగుంటుందా?

ఇక్కడ ఆగి అవతలి వాదన కూడా వినాలి, అందులో బలం ఉంది. పై సంస్థ చేతిలో పట్టా ఉండబట్టే చాలా మందిరాలు నిలిచాయి. ఊళ్లో నలుగురు పెద్దలు కలిసి గుంట గుంట అమ్ముకునే ప్రమాదం ఎక్కడైనా ఉంది. రోడ్డు పక్క సంఘానికి మడిగెల ఆదాయం ఉంటుంది, నల్లమల అంచున ఉన్న పల్లె సంఘానికి ఏమీ ఉండదు. ఆ పాస్టరు జీతం, బడి, జడ్చర్ల మిషన్ ఆసుపత్రి లాంటి దవాఖానల ఖర్చు ఉమ్మడి నిధి నుంచి రాకపోతే ఎక్కణ్నుంచి వస్తుంది?

స్వతంత్ర సంఘాల పరిస్థితి చూస్తే ఈ వాదన ఇంకా బలంగా అనిపిస్తుంది. గత మూడు నాలుగు దశాబ్దాల్లో మన జిల్లాల్లో లేచిన మందిరాల్లో ఎన్నో ఏ పాత శాఖకూ చెందవు. స్థాపకుడైన పాస్టరు పేరునో, ఆయన కుటుంబ సభ్యులే ట్రస్టీలుగా ఉన్న ట్రస్టు పేరునో భూమి ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల బ్రాంచి సంఘాల దశమభాగాలు ప్రధాన మందిరానికి చేరుతాయి. పాస్టరు సొంత పేరున ఉన్న భూమి ఆయన తర్వాత వారసత్వంగా పిల్లలకు పోతుంది, విశ్వాసులకు కాదు. డయాసిస్‌లో కనీసం ఎన్నికలు, ఆడిట్ ఉంటాయి. ఇక్కడ అవీ లేవు.

అయితే ఉమ్మడి నిధి మంచిదనడం వేరు, దాని లెక్క చూపనక్కర్లేదనడం వేరు. 8,000 పైకి పోయి ఏ పల్లె పాస్టరుకు చేరిందో చూపితే ఇవ్వడానికి వెనకాడే సంఘాన్ని నేను చూడలేదు. ఇచ్చే చేతులు వెనక్కి తీసుకునేది లెక్క కనిపించనప్పుడే.

గుడి, దర్గాల్లోనూ ఇదే అమరిక

ఆదాయంలో భాగం పైకి పోవడం క్రైస్తవ సంఘాలకే ప్రత్యేకం కాదు. 1987 దేవాదాయ చట్టం కింద ఉన్న గుళ్ల నుంచి సర్వశ్రేయోనిధికి వాటా పోతుంది, దానితో ఆదాయం లేని గుళ్లను ఆదుకుంటారు. వక్ఫ్ సంస్థల నికర ఆదాయం నుంచి బోర్డుకు కట్టే వాటా 7 శాతం వరకు ఉండేది, 2025 సవరణ దాన్ని 5 శాతానికి తగ్గించింది. తేడా ఏమిటంటే అక్కడ వాటా ఎంతో చట్టంలో రాసి ఉంది, అమ్మకానికి అనుమతి ఎవరివ్వాలో కూడా ఉంది. అంత మాత్రాన ఆ భూములు భద్రంగా ఉన్నాయని ఎవరూ అనలేరు. చర్చి విషయంలో వాటా, అనుమతి రెండూ ఆ సంస్థ సొంత నియమాల్లోనే ఉంటాయి. ప్రభుత్వం జోక్యం చేసుకుంటే మైనారిటీల స్వేచ్ఛ దెబ్బతింటుందన్న భయం న్యాయమైనదే. దాని వల్ల లోపలి పెత్తనానికి బయటి చూపు తగలకుండా పోతోందన్న బాధా న్యాయమైనదే.

సభ్యుడెవరు?

చివరికి చాలా కేసులు ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగుతాయి. సొసైటీ రికార్డుల్లో సభ్యులెవరు? బాప్తిస్మం పొంది, నలభై ఏళ్లు కానుకలు వేసిన సభ్యురాలు సంఘానికి సభ్యురాలే. భూమి ఉన్న సొసైటీకి మాత్రం సభ్యురాలు కాకపోవచ్చు. బైలాస్‌లో ప్రతినిధులే సభ్యులని రాసి ఉంటే సర్వసభ్య సమావేశంలో లెక్క అడిగే హక్కు, ఓటు ఆ ప్రతినిధులవే.

అలాంటివారికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఒక దారి ఇచ్చింది. ప్రజా మత ట్రస్టులో ప్రయోజనం ఉన్న ఇద్దరు, లేదా అంతకు మించినవారు, కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ట్రస్టీలను మార్చమని, లెక్కలు చూపించమని, ఆస్తి నిర్వహణకు ఒక స్కీము గీయమని అడగవచ్చు. ఇక్కడ పట్టా ఎవరిదన్నది ఒక్కటే చూడరు, ఆస్తి ఎవరి మేలు కోసం ఉందన్నదీ చూస్తారు. అందుకే పాత కానుకల పుస్తకాలు, బాప్తిస్మపు రిజిస్టర్లు, కోత పండుగ జమాఖర్చులు, మందిరానికి ఎవరెంత ఇచ్చారో రాసిన చీటీలు సాక్ష్యంగా పనికొస్తాయి. చాలా సంఘాల్లో అవి పాస్టరుగారింటి ట్రంకుపెట్టెలో ఉంటాయి, బదిలీ అయినప్పుడు కొన్ని కొత్త అయ్యగారికి చేరతాయి, కొన్ని చేరవు. 2025లో ధరణి స్థానంలో వచ్చిన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలోనూ పట్టాదారు పేరు కనిపిస్తుంది గాని ఆ చీటీల్లో ఉన్న పేర్లకు చోటు లేదు.